గోడ పగలగొట్టి చూస్తే తలుపు కనపడదు

(విజయనగరంలో ఒక డిగ్రీ కళాశాలలో బయోకెమిస్ట్రీ, జువాలజీ విద్యార్థులకూ ఆసక్తితో వచ్చిన ఊరివాళ్ళకూ ఇచ్చిన ప్రసంగం. రికార్డింగు నుంచి ఎత్తి రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల్లో కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకి రండమ్మా. ఈ మైకు ఇంతకంటే గట్టిగా పలకదట.

ముందు నా తప్పొకటి ఒప్పుకుంటాను. ఇరవై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. గ్లైకోజెన్, అంటే కాలేయం దాచుకునే గ్లూకోజ్ నిల్వ, ఆ పాఠం వచ్చిందంటే బోర్డు మీద ఒకటే బొమ్మ. పైన గ్లైకోజెన్, దాని కింద గ్లూకోజ్-1-ఫాస్ఫేట్, దాని కింద గ్లూకోజ్-6-ఫాస్ఫేట్, ఆఖరున ఒక బాణం, బాణం కొసన గ్లూకోజ్. బాణం మీద ఎంజైము పేరు: గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్. అందులో అక్షరం తప్పు లేదు. పరీక్షలో వేస్తే మార్కులన్నీ పడతాయి. కానీ ఆ ఎంజైము కణంలో ఎక్కడ కూర్చుంటుందో నేను ఒక్క ఏడాది కూడా గీయలేదు. ఏదో గాలిలో తేలుతున్నట్టు వదిలేశాను. అది కూర్చునేది ఒక గోడకి అవతల. ఆ గోడకి ఒక తలుపుంది. నేను గీయని ఆ తలుపు గురించే ఇవాళ మాట్లాడతాను.

రాత్రి ఎనిమిదింటికి అన్నం తిని పడుకుంటారు, పొద్దున్న ఏడింటికి లేస్తారు. మధ్యలో పదకొండు గంటలు ఏమీ తినలేదు. అయినా మెదడుకి గ్లూకోజ్ అందుతూనే ఉంది. ఎవరిచ్చారు? చాలావరకు కాలేయం. అది రెండు రకాలుగా ఇస్తుంది. దాచుకున్న గ్లైకోజెన్‌ని విడగొట్టి ఇస్తుంది, లాక్టేటు, అమైనో ఆమ్లాల లాంటి వాటి నుంచి కొత్తగా తయారుచేసి కూడా ఇస్తుంది. సాలూరు నుంచి వచ్చే రోడ్డూ బొబ్బిలి నుంచి వచ్చే రోడ్డూ రామభద్రపురం దగ్గర కలిసినట్టు, ఈ రెండు దారులూ గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ దగ్గర కలుస్తాయి. అక్కడి నుంచి ముందుకి ఒకటే దారి. అది మూసుకుపోతే రెండు వైపుల బళ్ళూ ఆగిపోతాయి.

ఎందుకు ఆగాలి? గ్లూకోజ్ ఆరో కార్బన్ మీద ఒక ఫాస్ఫేటు తగిలి ఉంది. పల్లెటూరి పిల్లలకి గుదిబండ తెలిసే ఉంటుంది. పారిపోయే ఆవు మెడలో బరువైన దుంగ కడతారు, అది చేను దాటి పోలేదు. ఈ ఫాస్ఫేటు అలాంటిదే. దాని మీద రుణావేశం, అంటే నెగెటివ్ చార్జి, ఉంది, కణం చుట్టూ ఉన్నది కొవ్వు పొర. ఆవేశం ఉన్న వస్తువుని కొవ్వు పొర దాటనివ్వదు. గ్లూకోజ్‌ని అటూ ఇటూ మోసే ప్రొటీన్లు కూడా గుదిబండ ఉన్నదాన్ని ముట్టుకోవు. అంటే రక్తంలోకి పంపే ముందు గుదిబండ విప్పాలి. ఆ విప్పే పని గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్‌ది.

ఈ విప్పేవాడు కూర్చున్నది అంతర్జీవద్రవ్యజాలం పొరలో. మీ పుస్తకాల్లో ఇ.ఆర్. అంటారే, అదే. కణం లోపల పొరలతో కట్టిన గది లాంటిది. ఇంకో చిక్కేమిటంటే, వాడి చేతులు లోపలి వైపు ఉన్నాయి. గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ తయారయ్యేది బయట, కణద్రవంలో. సరుకు వీధిలో ఉంది, పనివాడు గదిలో ఉన్నాడు. సరుకు గదిలోకి పోవాలి.

దాన్ని లోపలికి పంపే ప్రొటీన్ పేరు గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ ట్రాన్స్‌పోర్టర్. పొట్టిగా జి6పిటి అంటాం. దాని జన్యువు ఎస్ఎల్‌సి37ఎ4, 11వ క్రోమోజోము మీద ఉంది. మొత్తం 429 అమైనో ఆమ్లాలు. చిన్న ప్రొటీనే.

దీన్ని కనిపెట్టిన కథ నాకు బొమ్మకంటే ఎక్కువ ఇష్టం, అందుకని అది కాస్త నిదానంగా చెబుతాను. టైము చాలకపోతే బొమ్మ కుదిస్తాను.

1929లో వాన్ గియర్కె అనే జర్మన్ పెథాలజిస్టు ఒక జబ్బుని వర్ణించాడు. పిల్లల కాలేయం, మూత్రపిండాలు గ్లైకోజెన్‌తో ఉబ్బిపోతాయి. ఇంత నిల్వ పెట్టుకుని కూడా ఆ పిల్లలు నాలుగు గంటలు తినకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. గాదె నిండా ధాన్యం, ఇంట్లో పస్తు! 1952లో కోరీ దంపతులు, కార్ల్, గెర్టీ, ఇలాంటి పిల్లల కాలేయంలో గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ పని చేయడం లేదని చూపించారు. పుట్టుకతో వచ్చే ఒక జీవక్రియ లోపాన్ని కాలేయంలోని ఫలానా ఎంజైముకి ముడిపెట్టడం అదే మొదలు. అప్పటికే వాళ్ళకి నోబెల్ వచ్చి అయిదేళ్ళయింది.

ఇక్కడ మనవాడొకడిని తలుచుకోవాలి. ఈ ఎంజైము పని చేస్తోందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? గుదిబండ ఊడి పడిందా అని చూస్తారు, అంటే ఎంత ఫాస్ఫేటు విడుదలైందో కొలుస్తారు. ఫాస్ఫేటుని నీలి రంగుగా మార్చి కొలిచే పద్ధతి 1925లో హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావు కలిసి ఇచ్చారు. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే. మీ ప్రాక్టికల్స్‌లో మాలిబ్డేటు పోసి నీలి రంగు వచ్చే దాకా ఎదురుచూస్తారు కదా, ఆ రంగుకి వందేళ్ళ వయసు.

సరే. కొన్నేళ్ళకి ఒక తిరకాసు వచ్చింది. 1968లో సీనియర్, లోరిడాన్ అనే ఇద్దరు ఒక రోగి గురించి రాశారు. జబ్బు లక్షణాలన్నీ అవే. కాలేయం ముక్క తీసి పరీక్ష చేస్తే ఎంజైము మాత్రం బాగానే ఉంది! నీలి రంగు చక్కగా వచ్చింది. మరి పిల్లకి చక్కెర ఎందుకు పడిపోతోంది? వాన్ గియర్కె జబ్బుని గ్లైకోజెన్ నిల్వ జబ్బుల్లో ఒకటో రకం అంటారు. దీనికి జవాబు తెలీక 'ఒకటి-బి రకం' అని వేరే పేరు పెట్టి ఊరుకున్నారు.

పరీక్ష ఎలా చేసేవారో ఆలోచించండి. కాలేయం ముక్కని ఫ్రీజ్ చేస్తారు. తర్వాత కరిగించి మెత్తగా రుబ్బుతారు. గడ్డకట్టి కరిగేసరికి లోపలి పొరలు చిరిగిపోతాయి. గోడ పోయింది, ఇక తలుపుతో పనేముంది? సరుకు నేరుగా పనివాడి చేతిలో పడుతుంది, వాడు హాయిగా పని చేస్తాడు. రిపోర్టులో 'నార్మల్' అని వస్తుంది. పరీక్ష చేసే పద్ధతే జబ్బుని దాచిపెట్టింది.

1975లో ఆరియన్, ఆయన తోటివాళ్ళు ఒక ఊహ ముందుపెట్టారు. ఎంజైము వేరు, సరుకుని లోపలికి చేర్చే మోసేవాడు వేరు అన్నారు. 1978లో జపాన్‌లో నరిసావా బృందం తాజా కాలేయం తీసుకుంది. ఫ్రీజ్ చేయలేదు, గోడ చెడనివ్వలేదు. అలా చూస్తే ఎంజైము పని కనిపించలేదు. పొరలని కరిగించే డిటర్జెంటు లాంటిది కలిపాక పని వచ్చేసింది. అంటే పనివాడు బాగానే ఉన్నాడు, పాడైంది తలుపు.

ఇలాంటి సంఘటన అంతకుముందే ఒకటి జరిగింది. బెల్జియంలో క్రిస్టియన్ ద దువ్ అనే ఆయన ఈ గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ మీదే పని చేస్తూ, పక్కన తోడుగా ఆసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఇంకో ఎంజైముని కూడా కొలిచేవాడు. ఒకసారి కాలేయాన్ని సుతారంగా రుబ్బితే ఆ రెండోదాని పని పదో వంతే కనిపించింది. పారబోయకుండా ఫ్రిజ్‌లో పెట్టారు. అయిదు రోజులాగి చూస్తే మొత్తం పని తిరిగొచ్చింది. ఎంజైము ఏదో సంచిలో దాగి ఉందని, ఆ సంచి చిరిగాక బయటపడిందని ఆయనకి వెలిగింది. అదే లైసోసోము. 1974లో నోబెల్ వచ్చింది. మీరు ప్రాక్టికల్‌లో తప్పు రీడింగ్ వస్తే పక్కవాడి రికార్డు చూసి దిద్దుకుంటారు. (నవ్వులు) ద దువ్ దిద్దుకోలేదు.

1997లో ఈ తలుపు జన్యువుని పట్టుకున్నది కూడా బెల్జియం వాళ్ళే. జెరాన్, వీగా-ద-కున్యా, వాన్ షాఫ్టింగెన్, వాళ్ళ సహచరులు. మనిషిలో వెతికే ముందు వాళ్ళు బాక్టీరియాలో ఇలాంటి పని చేసే ప్రొటీన్ల వైపు చూశారు. ఇ.కోలై అనే బాక్టీరియా ఆహారం కోసం బయటి చక్కెర ఫాస్ఫేట్లని లోపలికి తెచ్చుకుంటుంది. దానికి యుహెచ్‌పిటి అనే ప్రొటీన్ ఉంది. దాని వరుసని పోలిన వరుస మనిషి జన్యువుల్లో ఉందా అని వెతికితే దొరికింది.

ఇప్పుడు బొమ్మ. మీ రెండు చేతులూ ఎత్తండి. పెద్దవాళ్ళు కూడా, మొహమాటం వద్దు. అరచేతులు ఎదురెదురుగా పెట్టండి. మణికట్లు కలిపి, వేళ్ళు విడదీయండి. పైకి తెరిచిన దోసిలి అయింది కదా. ఇప్పుడు వేళ్ళ కొసలు కలిపి, మణికట్లు విడదీయండి. దోసిలి కిందికి తెరుచుకుంది. మధ్యలో ఒక ఉసిరికాయ పెట్టుకుంటే, పైనుంచి వచ్చిన కాయ కిందికి పోతుంది. గమనించండి, ఏ క్షణంలోనూ రెండు వైపులా తెరిచి లేదు. తెరిచి ఉంటే అది రంధ్రం అవుతుంది, తలుపు కాదు.

జి6పిటి చేసేది అదే. రెండు చేతుల్లాగా దానికి రెండు సగాలు. ఒక్కో సగంలో పొరని అడ్డంగా దాటే మెలికల కడ్డీలు. ఈ కుటుంబం లెక్క ప్రకారం సగానికి ఆరు, మొత్తం పన్నెండు. మొదట్లో ప్రయోగశాలలో లెక్కపెట్టినవాళ్ళు పదే గీశారు, మీకు పాత పుస్తకాల్లో పదే కనిపిస్తే కంగారుపడకండి. రెండు సగాల మధ్య సందులో ధనావేశం ఉన్న ఆర్జినిన్ లాంటి అమైనో ఆమ్లాలు కూర్చుంటాయి. ఫాస్ఫేటు రుణం, ఇవి ధనం. గుదిబండనే పట్టుకుని లోపలికి లాగుతాయన్నమాట. ఈ ఆకారాన్ని మొదట స్పష్టంగా చూపించింది మన ప్రొటీన్ కాదు, దాని బాక్టీరియా దాయాది జిఎల్‌పిటి. 2003లో దాని స్ఫటిక నిర్మాణం వచ్చింది. అది కణం లోపలి వైపు తెరుచుకుని ఉన్న భంగిమలో దొరికింది.

ఒకవైపు తెరుచుకుంటే ఇంకోవైపు మూసుకునే ఈ పద్ధతిని 1966లోనే జార్డెట్స్కీ కాగితం మీద ఊహించాడు. అప్పటికి ఒక్క నిర్మాణం కూడా చూసినవాడు లేడు. మనకైతే ఊహించుకోవడం కష్టం కాదు. పైడితల్లమ్మ సిరిమాను చూసినవాళ్ళం. ఈ కొస లేస్తే ఆ కొస దిగుతుంది.

మనిషి ప్రొటీన్‌లో 28వ స్థానంలో ఒక ఆర్జినిన్ ఉంది. అది మారి హిస్టిడిన్ అయినా, సిస్టీన్ అయినా, రవాణా ఆగిపోతుంది. రోగుల్లో ఈ రెండు మార్పులూ కనిపించాయి. 429లో ఒక్కటి!

ఇంకో చిత్రం చెబుతాను. ఈ ప్రొటీన్ తోక చివర ఏడు అమైనో ఆమ్లాలు తెగిపోయే మార్పు ఒకటుంది. తోకే కదా అనుకుంటాం. ఆ తోకలో దాని చిరునామా ఉంది, 'నేను ఇ.ఆర్.లో ఉండాలి' అని. అది పోతే ప్రొటీన్ ఇ.ఆర్.లో నిలవకుండా గాల్జీ అనే కణంలోని ఇంకో భాగానికి పోతుంది. అక్కడ ప్రొటీన్లకి చక్కెరలు అతికించే పని పాడవుతుంది, రక్తం గడ్డకట్టే కారకాలు దెబ్బతింటాయి. చక్కెర పడిపోవడం అనే అసలు గొడవకీ దీనికీ పోలికే లేదు. ఒకే జన్యువు, రెండు వేరే జబ్బులు.

తలుపు ఊరికే తెరుచుకోదు. మీ ఇంటికి గ్యాస్ బండి వస్తే ఏం చేస్తారు? ఖాళీ సిలిండర్ ఇస్తేనే నిండుది దింపుతాడు. ఇదీ అంతే. ఒక గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ లోపలికి వస్తే బదులుగా లోపలి నుంచి ఒక ఫాస్ఫేటు బయటికి పోవాలి. లోపల ఎంజైము గుదిబండలు విప్పుతూ ఉంటుంది కాబట్టి, ఖాళీ సిలిండర్లకి కొదవ లేదు. పనివాడూ తలుపూ ఒకరి మీద ఒకరు ఆధారపడి నడుస్తారు.

ఇక జబ్బు సంగతి. ఒకటో రకం మొత్తం కలిపి సుమారు లక్ష జననాల్లో ఒకరికి. అందులో బి రకం అయిదో వంతు. చక్కెర పడిపోవడం, పెద్ద కాలేయం, రక్తంలో లాక్టేటు, యూరిక్ ఆసిడ్, కొవ్వులు పెరగడం రెండు రకాల్లోనూ ఉంటాయి. తల్లిదండ్రులిద్దరి నుంచీ జన్యువు చెడిన కాపీ వస్తేనే ఈ జబ్బు. మన వైపు మేనరికాలు ఎక్కువ. మేనరికం చేసుకున్నవాళ్ళని తప్పుపట్టడం లేదు, మా అమ్మానాన్నలదీ మేనరికమే. కానీ ఒకే తాత నుంచి ఒకే చెడిన కాపీ ఇద్దరికీ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇంట్లో ఇలాంటి బిడ్డ ఒకరుంటే తర్వాతి కాన్పుకి ముందు జన్యు సలహా తీసుకోండి.

వైద్యం మీరు అనుకున్నంత గొప్పగా ఉండదు. 1984 నుంచి ముఖ్యమైన మందు వండని మొక్కజొన్న స్టార్చి. కొట్లో కార్న్ ఫ్లోర్ అని అమ్ముతారే, తెల్లగా ఉంటుంది, అదే. మన చేలో మొక్కజొన్న ఆడించిన పిండి కాదు. చల్లని నీళ్ళలో కలిపి తాగిస్తారు. పచ్చిది కాబట్టి పేగుల్లో మెల్లగా అరుగుతూ గంటల తరబడి గ్లూకోజ్ ఇస్తుంది. చోడి అంబలి కాచి ఇస్తే సరిపోదా అని ఒకామె నన్ను అడిగింది. ఉడికితే స్టార్చి త్వరగా అరిగిపోతుంది, అర్ధరాత్రికి ఆసరా ఉండదు. ఇంకోటి, చక్కెర పడిందని నాన్నమ్మలు బెల్లం ముక్క నోట్లో పెడతారు. ప్రేమే, కాదనను. కానీ బెల్లంలో సగం దాకా ఫ్రక్టోజ్ వాటా. పాలలోది గెలాక్టోజ్. అవి కాలేయంలో గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ దాకా వచ్చి అదే మూసిన తలుపు దగ్గర ఆగి, లాక్టేటుగా మారతాయి. ఈ పిల్లలకి కావలసింది అచ్చమైన గ్లూకోజ్, స్టార్చి. మోతాదు, వేళలు డాక్టరు చెప్పాల్సిందే.

బి రకంలో ఇంకో బాధ ఉంది, అదే నన్ను ఈ విషయంలోకి లాగింది. ఈ పిల్లలకి నోటిపూతలు, చీముగడ్డలు, పేగు వాపు మాటిమాటికీ వస్తాయి. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు తగ్గిపోతాయి, ఉన్నవి కూడా సరిగా పోరాడవు. ఎందుకు? న్యూట్రోఫిల్ ఊరికి గ్లూకోజ్ పంచే కాలేయం కాదు. దానికి ఈ తలుపుతో పనేమిటి? చాలా ఏళ్ళు ఎవరికీ సరైన జవాబు దొరకలేదు.

2019లో మళ్ళీ ఆ బెల్జియం బృందమే జవాబిచ్చింది. మన తిండిలో 1,5-అన్‌హైడ్రోగ్లూసిటాల్ అని గ్లూకోజ్‌ని పోలిన ఒక పదార్థం ఉంటుంది. అందరి రక్తంలోనూ ఉంటుంది, మామూలుగా ఏ హానీ లేదు. కణంలోకి వచ్చాక గ్లూకోజ్‌కి గుదిబండ కట్టే ఎంజైములు పొరపాటున దీనికీ కొద్దికొద్దిగా కట్టేస్తాయి. అలా గుదిబండ పడిన సరుకు విషం లాంటిది, గ్లూకోజ్‌ని వాడుకునే మొదటి మెట్టునే అడ్డుకుంటుంది. మామూలు న్యూట్రోఫిల్‌లో మన తలుపు దాన్ని ఇ.ఆర్. లోపలికి పంపితే, జి6పిసి3 అనే ఇంకో ఎంజైము విప్పి పారేస్తుంది. తలుపు లేకపోతే అది పేరుకుంటుంది, కణం తిండి ఎదురుగా ఉండీ తినలేదు. అంటే తెల్లకణంలో ఈ తలుపు చెత్త ఎత్తే పని చేస్తోంది. ఇరవై ఏళ్ళు మనం దాన్ని వంటింటి తలుపనే అనుకున్నాం.

కారణం తెలిస్తే మందు అక్కడే దొరుకుతుందని కాదు, కానీ ఈసారి దొరికింది. ఆ పదార్థాన్ని మూత్రంలో పోయేట్టు చేస్తే? షుగరు ఉన్నవాళ్ళలో అది తక్కువగా ఉంటుందని ముందే తెలుసు, మూత్రంలోకి గ్లూకోజ్ పోతుంటే దీన్ని తిరిగి పీల్చుకోవడం మూత్రపిండానికి కుదరదు. ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మాత్ర చేసే పనే అది, మూత్రంలోకి గ్లూకోజ్‌ని వదలడం. 2020లో నలుగురు రోగులకి ఇచ్చి చూశారు. రక్తంలో ఆ పదార్థం తగ్గింది, న్యూట్రోఫిల్స్ పని మెరుగైంది, పుండ్లు తగ్గాయి. అంతకుముందు తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్లే దిక్కు. ఈ సభలోనే ఆ మాత్ర వేసుకునేవాళ్ళు నలుగురైదుగురు ఉండొచ్చు. 2025 మార్చిలో మన దేశంలో దాని పేటెంటు ముగిసింది, ధర బాగా దిగింది. చక్కెర పడిపోయే జబ్బుకి షుగరు మాత్ర ఇవ్వడం వినడానికి తలకిందులుగా ఉంటుంది. అందుకే సొంతంగా వేసేది కాదు, ఈ జబ్బు తెలిసిన డాక్టరు చూస్తూ ఇవ్వాలి.

సరే, ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, కాఫీలో ఉండే పదార్థం ఈ తలుపుని మూసేస్తుందని చదివాను. అరకు కాఫీ తాగొచ్చా?)

తాగమ్మా. నువ్వు చదివింది అబద్ధం కాదు. కాఫీ గింజల్లో ఉండే క్లోరోజెనిక్ ఆసిడ్ ఈ తలుపుని అడ్డుకుంటుంది. ప్రయోగశాలలో తలుపు పనిని ఆపి చూడటానికి దాన్ని వాడతారు కూడా. గింజ వేపితే చాలావరకు పోతుంది, తాగినదాంట్లో కాలేయానికి చేరేది తక్కువ. దీన్నే మార్చి, ఇంకా గట్టిగా మూసే మందులు చేశారు, షుగరు తగ్గిద్దామని. ఎలుకల్లో చక్కెర తగ్గింది, కాలేయంలో మాత్రం గ్లైకోజెన్, కొవ్వు పేరుకున్నాయి. కావాలని బి రకం జబ్బు తెచ్చినట్టయింది. ఆ దారి ముందుకి సాగలేదు.

(మరో విద్యార్థి: బాక్టీరియా తలుపుతో మనకి ఉపయోగం ఉందా సార్?)

ఉంది. ఫాస్ఫోమైసిన్ అని మూత్రనాళ ఇన్ఫెక్షన్లకి ఇచ్చే మందుంది, పొడి ప్యాకెట్‌లో వస్తుంది. అది బాక్టీరియా లోపలికి దూరేది జిఎల్‌పిటి, యుహెచ్‌పిటి తలుపుల గుండానే. చక్కెర ఫాస్ఫేటు అనుకుని బాక్టీరియా తనే లోపలికి తెచ్చుకుంటుంది. ఆ తలుపులు చెడితే మందు పని చేయదు. ఇంకో ముచ్చట: ల్యాబ్‌లో ఈ మందు పరీక్షించేటప్పుడు ప్లేటులో గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ కలుపుతారు. ఆ వాసనకి యుహెచ్‌పిటి తలుపులు ఎక్కువగా తయారవుతాయి. కలపడం మర్చిపోతే మంచి మందు కూడా పనికిరానిదిగా కనిపిస్తుంది. మళ్ళీ చూశారా, పరీక్ష పద్ధతే జవాబుని మార్చేస్తోంది.

(ఒక అధ్యాపకురాలు: జన్యువు పేరు ఎస్ఎల్‌సి37ఎ4 అన్నారు, ఎ4 అంటే ముందు మూడు ఉండాలి కదండీ?)

ఉన్నాయండీ. ఎ1, ఎ2 కూడా ఫాస్ఫేటుతో మార్పిడి చేసి గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ మోయగలవు, కానీ మన ఫాస్ఫటేజ్‌తో జత కట్టవు, కాఫీ పదార్థానికి లొంగవు. ఎ3 వేరే రకం. ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే బిస్ఫాస్ఫోనేట్ మాత్రల్లో నైట్రోజన్ ఉన్న రకం, కణం మింగాక లైసోసోములో చిక్కుకుంటుంది. అక్కడి నుంచి బయటికి వదలడానికి ఎ3 కావాలని 2018లో తేలింది. ద దువ్ ఫ్రిజ్‌లో దొరికిన సంచికే ఇంకో తలుపన్నమాట.

టైము నాలుగున్నర. సాలూరు బస్సు వాళ్ళు బయల్దేరండి. మిగిలినవాళ్ళు ఒక్క పది నిమిషాలు ఆగితే, ఆ బోర్డు తుడిచి, ఈసారి గోడతో సహా బొమ్మ వేస్తాను. చాక్‌పీసు ఉందా?